గోడమీది గొంగళి

పాఠ్యభాగ నేపథ్యం

అడవులలోను, కొండలలోను నివసించే ప్రాణులను గురించి గ్రంథాలు విరివిగా వివరిస్తాయి. జనసమ్మర్దం గల వీధిలో, పాతగోడపై బతుకు వెళ్లదీసే ప్రాణులను గమనించేవారు తక్కువ. అటువంటి ఒక చిన్న శలభం జీవితాన్ని, దానికి ఆహారమైన లైకెన్‌ను, ఆ రెండింటికీ ఆధారమైన గాలిని ఈ పాఠం పరిచయం చేస్తుంది.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరంలో సుల్తాన్ బజార్ అనగానే వస్త్రదుకాణాలు, గాజుల అంగళ్లు, కోఠీ పాతపుస్తకాల బళ్లు, వాటి నడుమ ఎడతెగని బేరసారాలు గుర్తుకు వస్తాయి. చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా ఇక్కడికి వచ్చే మెట్రో రైలుమార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది. పైన రైలు, కింద వాహనాలు, ఇరువైపులా జనం. ఇంత సందడిలో ప్రకృతికి చోటెక్కడ అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. దుకాణాల వెనుక సందులలో, పాత ప్రహరీల నీడలో ఆ ప్రశ్నకు సమాధానం ఉన్నది.

ఈ పేట వయస్సు చిన్నది కాదు. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో నిజాం కొలువులోని బ్రిటిష్ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఇక్కడ రెసిడెన్సీ భవనాన్ని నిర్మింపజేశాడు. దాని చుట్టూ పెరిగిన అంగళ్లకు రెసిడెన్సీ బజార్లని పేరు వచ్చింది. 1933లో అవి తిరిగి నిజాం పాలనలోకి వచ్చిన పిదప సుల్తాన్ బజార్ అనే పేరు స్థిరపడింది. రెసిడెన్సీ ప్రాంగణం 1949 నుండి మహిళల ఉన్నత విద్యకు నిలయమైంది. అక్కడి కళాశాల 2022లో విశ్వవిద్యాలయంగా రూపొంది, నేడు చాకలి ఐలమ్మ పేరుతో నడుస్తున్నది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది కూడా ఈ ప్రాంతంలోనే. ఆ గ్రంథాలయ స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో ఈ నగరంలోనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పే ప్రయత్నానికి బాట వేశాడు. ఇంతటి చరిత్ర గల పేటలో రాయి, సున్నం కలిసిన పాతగోడలు నేటికీ అక్కడక్కడ మిగిలి ఉన్నాయి.

ఆ గోడలను వేసవిలో చూస్తే బూడిదరంగు మరకలు మాత్రమే కనిపిస్తాయి. నైరుతి ఋతుపవనాలు వచ్చి నాలుగు వానలు పడగానే మరకల రంగు మారుతుంది. కొన్ని లేతాకుపచ్చగా, కొన్ని నీలిబూడిదగా, కొన్ని పసుపుగా ఉబ్బి ప్రాణం పోసుకొంటాయి. ప్రజలు వీటన్నింటినీ 'పాచి' అనే ఒక్క మాటతో తీసివేస్తారు. ఆ పాచి మధ్య కొన్నాళ్లకు సన్నని, ముదురురంగు గొంగళిపురుగులు తిరుగాడుతాయి. వాటిని చూడగానే కొందరు చీపురు అందుకొంటారు, కొందరు కిరోసిన్ చల్లుతారు, మరికొందరు పురుగుమందు తెస్తారు. అవి ఏమి తింటున్నాయో ఒక్క క్షణం నిలిచి చూసేవారు అరుదు.

ఆ పురుగులు పెరటిలోని కరివేపచెట్టును ముట్టవు. డబ్బాలోని ధాన్యాన్ని ఆశించవు. బీరువాలోని పట్టుచీరను కొరకవు. వాటి ఆహారం గోడమీది ఆ మరకే. ఆ మరక సంగతి తెలిస్తే తప్ప పురుగు సంగతి తెలియదు.

మరకలన్నీ ఒకే రకానివి కావు. మెత్తని ఆకుపచ్చ తివాచీవలె పరచుకొనేది నాచు, అది మొక్క. జారుడుగా, పలుచని పూతవలె ఉండేది శైవలం. గోడకు అతుక్కుపోయి, గీకినా తేలికగా ఊడిరాక, పెంకువలెనో ముడుచుకొన్న ఆకువలెనో కనిపించేది లైకెన్. లైకెన్ ఒకే ప్రాణి కాదు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేయగా ఏర్పడిన రూపం అది. కొన్ని లైకెన్లలో శైవలానికి బదులు నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు ఉంటాయి. శిలీంధ్రం ఇల్లు కట్టి, తేమను నిలుపుతుంది. శైవలం సూర్యకాంతితో ఆహారం తయారుచేస్తుంది. 1867లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ విషయాన్ని ప్రకటించినప్పుడు ఆనాటి పండితులలో పలువురు అంగీకరించలేదు. ఒకే మొక్కగా తాము వర్ణించి, పేర్లు పెట్టినది రెండు జీవుల కలయిక అని ఒప్పుకోవడం వారికి కష్టమైంది. తరువాతి పరిశోధనలు ఆయన మాటనే నిలబెట్టాయి.

లైకెన్ పేరు కొత్తగా తోచినా వస్తువు విద్యార్థులకు కొత్తది కాదు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఆమ్లాన్ని, క్షారాన్ని గుర్తించే లిట్మస్ రంగు పూర్వం నుండి లైకెన్ల నుండే లభిస్తున్నది. హైదరాబాదీ వంటలలో సువాసన కోసం వేసే రాతిపువ్వు కూడా లైకెనే. దీనినే ఉర్దూలో పత్థర్ కా ఫూల్ అని, ఆయుర్వేదంలో శైలేయమని వ్యవహరిస్తారు. పేరులో పువ్వు ఉన్నా అది పూచేది కాదు. కొండప్రాంతాల చెట్లబెరడు మీద, రాళ్లమీద పెరిగేది. నగరపు గోడలమీది పెంకులైకెన్లు దానికి దూరపు బంధువులు. వంటకు పనికిరావు గాని ఒక శలభ కుటుంబాన్ని అవి పోషిస్తున్నాయి.

లైకెన్లను ఆహారంగా స్వీకరించే శలభాలు ప్రపంచంలో మూడువేలకు మించి ఉన్నాయి. వీటి సముదాయానికి శాస్త్రంలో లితోసియినీ అని పేరు. గ్రీకు భాషలో 'లితోస్' అంటే రాయి. రాతిని అంటిపెట్టుకొన్న బతుకును ఆ పేరు చక్కగా సూచిస్తుంది. బ్రిటన్‌లో వీటిని ఫుట్‌మన్ శలభాలని పిలిచారు. సంపన్నుల ఇళ్లలో ప్రత్యేకమైన దుస్తులు తొడిగి, బిగుసుకొని నిలబడే సేవకులవలె ఇవి రెక్కలను శరీరానికి ముడిచి కూర్చుంటాయని ఆ పేరు పెట్టారు. పూర్వం వీటిని ఆర్క్‌టిడే కుటుంబంలో చేర్చేవారు. నేడు ఎరిబిడే అనే పెద్ద కుటుంబంలో లెక్కిస్తున్నారు.

దక్షిణ భారతదేశంలో గోడల మీద తరచుగా కనిపించే లైకెన్ శలభాలలో నెపిటా కాన్ఫెర్టా ఒకటి. 1854లో ఫ్రాన్సిస్ వాకర్ దీనిని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. 1860లో ఫ్రెడరిక్ మూర్ దీనికోసం నెపిటా అనే ప్రజాతిని ఏర్పరచాడు. ఆ ప్రజాతిలో ఈ ఒక్క జాతియే ఉన్నది. దీని నివాసం భారతదేశం, శ్రీలంక. రెక్కలు విప్పినా ఇంచుమించు రూపాయి నాణెమంత, లేదా దానికంటె కొంచెం పెద్దగా ఉంటుంది. నారింజ, పసుపు కలిసిన రెక్కలపై నల్లని పట్టీలు ఉంటాయి. ఆ పట్టీలు ఒక శలభంలో సన్నగా, మరొక దానిలో వెడల్పుగా ఉండి, రెండూ వేర్వేరు జాతులేమో అన్న భ్రమను కలిగిస్తాయి. రాత్రివేళ దీపం వద్దకు వచ్చి గోడపై వాలినప్పుడు దీనిని సులభంగా చూడవచ్చు.

శలభం జీవితంలో నాలుగు దశలు ఉన్నాయి: గుడ్డు, గొంగళిపురుగు, కోశస్థ దశ, రెక్కల పురుగు. వీటిలో గోడతో గాఢమైన అనుబంధం గలది రెండవ దశ. గుడ్డునుండి వెలువడిన గొంగళి లైకెన్లను, వాటిపక్కన పెరిగే శైవలాలను, నాచును కొరికి తింటూ, చర్మం విడుస్తూ పెరుగుతుంది. దాని ఒంటినిండా పొడవైన వెంట్రుకలు ఉంటాయి. గొర్రెల కాపరి కప్పుకొనే గొంగడిని తలపించే ఈ వేషాన్ని చూసే తెలుగువారు ఇటువంటి పురుగులకు గొంగళి అని పేరు పెట్టారు. పేరు పెట్టినవారి చూపు ఎంత నిశితమో గొంగళి తరువాత చేసే పని చూస్తే తెలుస్తుంది.

పెరుగుదల పూర్తయిన గొంగళి తినడం మానివేసి, గోడలో ఒక అనువైన మూల వెదకుకొంటుంది. తన ఒంటిమీది వెంట్రుకలనే ఊడదీసి, నోటినుండి వచ్చే సన్నని పట్టుదారంతో కలిపి, కన్నులు గల ఒక పలుచని వలను చుట్టూ అల్లుకొంటుంది. కప్పుకొన్న గొంగడినే విప్పి గుడారం వేసుకొన్నట్లుగా ఉంటుంది ఆ పని. ఆ వలలో అది కోశస్థ దశను గడుపుతుంది. పట్టుపురుగు గూడువలె ఇది మూసుకొని ఉండదు. గాలి ధారాళంగా ఆడుతుంది, లోపలి ప్రాణి బయటికి కనిపిస్తుంది. ఇదే సముదాయానికి చెందిన సయానా ప్రజాతి శలభాలు వెంట్రుకలను మరింత క్రమంగా అమర్చి, పంజరం వంటి గూడు నిర్మిస్తాయి. కొన్నాళ్లకు రెక్కలు వచ్చిన శలభం వెలువడి వెళ్లిపోతుంది. ఖాళీ వల గోడకు అంటుకొని ఉండిపోతుంది. సాలెగూడు అనుకొని ఇల్లాలు చీపురుతో దులిపివేసే వాటిలో అటువంటి వలలు ఎన్ని ఉంటాయో!

బలహీనమైన ఈ ప్రాణికి రక్షణ ఏమిటి? లైకెన్లలో చేదైన, ఘాటైన ఫినాలిక పదార్థాలు ఉంటాయి. ఇతర జీవులు లైకెన్లను తినకుండా అవి అడ్డుకొంటాయి. లైకెన్ శలభాలు ఆ పదార్థాలను జీర్ణకోశం దాటించి తమ శరీరంలో నిల్వ చేసుకొంటాయని, రెక్కలు వచ్చిన తరువాత కూడా అవి శరీరంలో ఉంటాయని శాస్త్రజ్ఞులు కొన్ని జాతులలో గుర్తించారు. నారింజ, నలుపు కలిసిన రంగులు పక్షులకు హెచ్చరిక వంటివి. తిన్న ఆహారమే ఒంటికి కవచమైనదన్న మాట.

ఈ శలభం సహజ నివాసం గోడ కాదు. గోడలు పుట్టకముందు కూడా ఇది ఉన్నది. హైదరాబాదు నగరం వెలసిన నేల గ్రానైట్ శిలలమయం. ఆ శిలల వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఆ గుండ్లపై, పాత చెట్ల బెరడుపై లైకెన్లు పెరిగేవి. నగరం విస్తరించిన కొద్దీ గుండ్లను పగులగొట్టి ఇళ్లకు, ప్రహరీలకు రాయి తీశారు. 1996లో ఏర్పడిన శిలాపరిరక్షణ సంఘం వంటివి మిగిలిన గుట్టలను కాపాడుకొనుటకు పాటుపడుతున్నాయి. గుట్ట గోడగా మారినా రాయి రాయిగానే ఉన్నది. తేమ, నీడ, గరుకుదనం ఉన్నచోట లైకెన్ తిరిగి మొలిచింది. లైకెన్ వెంట శలభం వచ్చింది. కాబట్టి పాతపేటలోని గోడ ఆ ప్రాణికి పరాయి చోటు కాదు. పోగొట్టుకొన్న గుట్టకు మిగిలిన ఆనవాలు.

అయితే రాయి ఒక్కటి ఉంటే చాలదు. లైకెన్‌కు వేళ్లు లేవు. మొక్కల ఆకులపై ఉండే మైనపు పొర కూడా లేదు. నీటిని, లవణాలను అది గాలినుండి, వాననుండి ఒళ్లంతటితో పీల్చుకొంటుంది. అందుచేత గాలిలోని విషం కూడా అడ్డులేకుండా లోపలికి చేరుతుంది. పెంకులైకెన్లలో పలు జాతులు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అంటే అరచేయంత మచ్చ ఏర్పడడానికి దశాబ్దాలు కావాలి. ఒక కొబ్బరిపీచు, ఒక బకెట్టు సున్నం దానిని ఒక్క పూటలో తుడిచివేయగలవు.

గాలికీ లైకెన్‌కూ గల ఈ సంబంధాన్ని 1866లోనే విలియం నైలాండర్ అనే శాస్త్రవేత్త పారిస్ నగరంలో గుర్తించాడు. లక్సెంబర్గ్ ఉద్యానంలో పెరిగే లైకెన్లు నగరంలోని ఇతర ప్రదేశాలలో కనిపించకపోవడాన్ని గమనించి, అవి గాలి నాణ్యతకు కొలమానాలని సూచించాడు. బొగ్గుపొగలోని సల్ఫర్ డయాక్సైడ్ వాటికి ప్రాణాంతకమని తరువాత రుజువైంది. జీవశాస్త్ర విద్యార్థులు మాంచెస్టర్‌లోని మచ్చల శలభం కథ విని ఉంటారు. అక్కడ 1848లో నల్లని శలభం మొదటిసారి దొరికింది. 1895 నాటికి ఆ ప్రాంతపు శలభాలలో 98 శాతం నల్లవే. పొగవల్ల చెట్లమీది లైకెన్లు చచ్చి, బెరడు మసిబారగా, తెల్లని శలభాలకు దాగే చోటు లేకపోయింది. ఆ శలభానికి లైకెన్ మరుగు మాత్రమే. లైకెన్ శలభానికి అది అన్నం కూడా. మొదటిది రంగు మార్చుకొని బతికింది. రెండవదానికి ఆ అవకాశం లేదు.

ఆ దేశంలోనే కథ మరొక మలుపు తిరిగింది. 1956లో బ్రిటన్ ప్రభుత్వం స్వచ్ఛమైన గాలికోసం చట్టం చేసింది. బొగ్గుపొగ క్రమంగా తగ్గింది. లైకెన్లు తిరిగి నగరాలలోకి వచ్చాయి. వాటిని తినే ఫుట్‌మన్ శలభాలలో పలు జాతులు ఇటీవలి దశాబ్దాలలో విస్తరించాయి. వాతావరణం వేడెక్కడం కూడా ఇందుకు ఒక కారణమైనా, గాలి బాగుపడితే గోడ బాగుపడుతుందని, గోడ బాగుపడితే ప్రాణి తిరిగివస్తుందని ఆ అనుభవం తెలుపుతున్నది.

భారతదేశంలో వాయుకాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేకపోయిన నగరాలను ఎంపిక చేసింది. వాటిలో హైదరాబాదు ఒకటి. ఈ గాలిని పీల్చేది గోడమీది లైకెన్ ఒక్కటే కాదు. ఉదయం నుండి రాత్రివరకు తోపుడుబండి వద్ద నిలబడే చిరువ్యాపారి, కూడలిలో వాహనాలను నియంత్రించే పోలీసు, అశోక్‌నగర్ శిక్షణకేంద్రాలకు, చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచివెళ్లే నిరుద్యోగ యువకుడు, అందరూ పీల్చేది ఆ గాలినే. యంత్రం చూపే అంకెలు చదవలేనివారికి సైతం గోడ ఒక పాఠం చెబుతుంది. ఆ పాఠాన్ని జాగ్రత్తగా చదవాలి. దుమ్మును, నత్రజని కాలుష్యాన్ని ఓర్చుకొనే లైకెన్లు కూడా కొన్ని ఉన్నాయి. కనుక గోడపై ఏదో ఒక లైకెన్ ఉన్నంత మాత్రాన గాలి నిర్మలమని తీర్మానించరాదు. ఎన్ని రకాలు ఉన్నాయి, రహదారి పక్కన ఏవి, లోపలి తోటలో ఏవి అని పోల్చి చూసినప్పుడే నిజం తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. లైకెన్లు స్రవించే ఆమ్లాలు రాతిని, సున్నపు గారను మెల్లగా క్షీణింపజేస్తాయి. 2002లో ప్రపంచస్థాయిలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకు ఎక్కిన రెసిడెన్సీ వంటి చారిత్రక భవనాలపై వాటిని యథేచ్ఛగా పెరగనివ్వడం తగదు. గొంగళి వెంట్రుకలు తగిలితే కొందరికి దురద పుట్టడం కూడా సత్యమే. భవనాన్ని కాపాడేవారి మాట కొట్టివేయదగినది కాదు. ఇంటిల్లిపాది సౌకర్యం విస్మరించదగినది కాదు. అయితే శిల్పాలంకరణ గల గోడకు, పెరటి ప్రహరీకి భేదం ఉన్నది. మొదటిదానిని నిపుణుల చేత మెత్తని కుంచెలతో శుభ్రం చేయించవచ్చు. రెండవదానిని, చెట్టుబెరడును, తోటమూలలోని గుండును అలాగే వదలివేయవచ్చు. ఇంట్లోకి వచ్చిన గొంగళిని చేతితో ముట్టక, కాగితంపైకి ఎక్కించి గోడపై దింపితే సరిపోతుంది. కిరోసిన్‌తో, విషంతో పని లేదు. ఆ విషం గొంగళితోనే ఆగదు. దానిని తినే బల్లికి, పక్షికి, పక్కన ఆడుకొనే పసివానికి కూడా చేరుతుంది.

పురుగును పరిశీలించడం చిన్నపని అనుకొనేవారికి ఈ జంటనగరాల చరిత్రలోనే సమాధానం ఉన్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, మలేరియా వ్యాప్తి రహస్యాన్ని ఛేదించాడు. నిత్యం కంటికి కనబడేదానిని ఓపికతో చూడడమే ఆయన చేసిన పని. లైకెన్ శలభం రోగం తేదు, పంటను పాడుచేయదు. అది మౌనంగా ఒక వార్త మోసుకొని తిరుగుతున్నది. ఇక్కడ తేమ ఉన్నది, నీడ ఉన్నది, పీల్చదగిన గాలి ఇంకా కొంత మిగిలి ఉన్నది అన్నదే ఆ వార్త. తొలకరి వెళ్లిన తరువాత ఏ పాతగోడపైనైనా ఒక గొంగళి మెల్లగా పాకుతూ కనిపిస్తే, చీపురు అందుకొనేముందు ఆ వార్తను చదవడం వివేకవంతుల లక్షణం.

కఠిన పదాలు – అర్థాలు

జనసమ్మర్దం = జనుల రద్దీ
శలభం = దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు
శైవలం = నీటిలో, తేమలో పెరిగే వేళ్లు లేని ఆకుపచ్చని జీవి
శిలీంధ్రం = బూజు, పుట్టగొడుగు మొదలైన వాటి జాతి
ప్రజాతి = దగ్గరి పోలికలు గల జాతుల సముదాయం
కోశస్థ దశ = గొంగళి రెక్కల పురుగుగా మారుటకు ముందు కదలక ఉండే దశ
నిశితం = సూక్ష్మమైనది, పదునైనది
యథేచ్ఛగా = ఇష్టం వచ్చినట్లు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు నాలుగు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. లైకెన్ ఒకే ప్రాణి కాదని ఎట్లా చెప్పవచ్చు?
2. గొంగళిపురుగు తన గూటిని ఏ విధంగా నిర్మించుకొంటుంది?
3. మాంచెస్టర్ శలభానికి, లైకెన్ శలభానికి గల భేదమేమి?

ఆ) కింది ప్రశ్నలకు ఇరవై వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. పాతపేటలోని గోడ 'పోగొట్టుకొన్న గుట్టకు మిగిలిన ఆనవాలు' అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. చారిత్రక కట్టడాల రక్షణ, చిన్న ప్రాణుల రక్షణ పరస్పరం విరుద్ధమా? పాఠం ఆధారంగా చర్చించండి.

ఇ) మీ కళాశాల ప్రహరీగోడను, ఆవరణలోని ఒక పాతచెట్టు బెరడును వానాకాలంలో పరిశీలించి, లైకెన్లు ఎన్ని రంగులలో, ఎన్ని ఆకారాలలో ఉన్నాయో నమోదు చేయండి. రహదారి వైపు గోడకు, లోపలి గోడకు గల తేడాను ఒక పేరాలో వ్రాయండి.